అప్‌డేట్: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మంచి హెడ్ కోచ్ ఎవరు?

అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ప్లేలు (మైదానంలో వేసే ఎత్తుగడలు) బాగా గీసేవాడా, జట్టులోని 53 మందిని ఒక్కతాటిపై నడిపేవాడా, ఎవరు మంచి హెడ్ కోచ్ అని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

ఎక్కువ మంది బిల్ బెలిచిక్ పేరు చెప్పారు. న్యూ ఇంగ్లండ్ హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచినాయన, కాదనలేం. కానీ ఆయన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ అఫెన్స్‌ని నడిపే ఆటగాడు) టామ్ బ్రేడీ వెళ్లిపోయాక, 2020 నుంచి 2023 వరకు ఆయన జట్టు ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ గెలుపుల్లో క్వార్టర్‌బ్యాక్ వాటా ఎంతో ఎలా తేలుస్తాం?

నాకు బాగా పనికొచ్చింది జాన్ హార్బా గురించి వచ్చిన జవాబు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అఫెన్స్, డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా (ఆ విభాగాన్ని నడిపే కోచ్‌గా) ఎప్పుడూ చేయకుండానే 2008లో బాల్టిమోర్ హెడ్ కోచ్ అయ్యాడు. అంతకుముందు ఫిలడెల్ఫియాలో చాలా ఏళ్లు స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే ఆటగాళ్ల బృందాలు) చూశాడు. ఆ పనిలో అటు అఫెన్స్ కుర్రాళ్లు, ఇటు డిఫెన్స్ కుర్రాళ్లు, బెంచి మీదుండే వాళ్లు అందరితోనూ పని చేయించుకోవాలి. హెడ్ కోచ్ పనికి అంతకన్నా మంచి ట్రైనింగ్ ఏముంది? 2012 సీజన్‌లో సూపర్ బౌల్ కూడా కొట్టాడు, అదీ సొంత తమ్ముడు జిమ్ కోచ్‌గా ఉన్న జట్టు మీద!

డెట్రాయిట్ హెడ్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌ది అనవసరపు తెగువ అని తప్పుపట్టిన వాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. 2023 సీజన్ ఎన్‌ఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఫైనల్లో హాఫ్‌టైమ్‌కి డెట్రాయిట్ 24-7తో ముందుంది. తర్వాత రెండుసార్లు ఫీల్డ్ గోల్ (కిక్ కొట్టి మూడు పాయింట్లు తెచ్చుకోవడం) వద్దని, ఫోర్త్ డౌన్‌లో (నాలుగో, ఆఖరి ప్రయత్నంలో) బంతిని ముందుకు తీసుకెళ్లడానికే చూశాడు, రెండూ పోయాయి, 34-31తో ఓడారు. సీజనంతా ఆ తెగువతోనే గెలిచిన జట్టు అది. ఆ రోజు ఆయన భయపడి మారిపోయి ఉంటేనే నేను తప్పుపట్టేవాణ్ణి.