వట్టిపోయిన బోరును ఎట్ల పూడ్చాలె?

దేవరకొండ రైతు:
చేన్ల 320 ఫీట్ల బోరు వట్టిపోయింది, ఆరున్నర ఇంచులది. కేసింగ్ పైపు పీక్కపోయి పైసలిస్తమని బోరు బండోళ్లు అడుగుతున్నరు. మీద బండ పెడితే సరిపోతదా, పూడ్చాల్నా? పక్కనే పత్తి ఏరెటోళ్ల పిల్లలు ఆడుకుంటరు.

కల్వకుర్తి మెకానిక్:
పూడ్చే దాకా కేసింగ్ ముట్టనియ్యకున్రి. మన దిక్కు కింద గట్టి రాయి, పైన మట్టి, మొరం. కేసింగ్ ఆపేది ఆ మెత్తటి పొరనే. అది పీకితే వానకు అంచులు విరిగి మూతి గంపంత అయితది. అప్పుడు మీద పెట్టిన బండ కూడా జారుతది. గోనెసంచి కప్పుడైతే ఇంకా అన్యాయం, గుంత ఉన్నట్టు కూడా కనపడదు.

మీ బోరుకు పట్టేది సుమారు 75 ఘనపుటడుగులు, ఒక ట్రాక్టర్ ట్రిప్పు చాలు. ముందు మోటారు, పైపు, కేబుల్ మొత్తం బయటికి తీయాలె. అడుగున నీళ్లుంటే ఆ మేర ఇంచు కన్నా చిన్న కంకర, బోరు పొడి (బోరు వేసినప్పుడు లేచిన రాతిపొడి) పోయాలె. తడి బంకమట్టి గడ్డలు, పెద్ద రాళ్లు వద్దు, నడుమ ఇరుక్కుంటయి. పైన నిండినట్టే కనపడతది, కింద బోలుగా ఉంటది, ఒక వానకాలం పోతే దిగబడతది. అందుకే ట్రాలీ ఎత్తి ఒక్కసారి గుమ్మరించొద్దు, పారతోని పోయాలె. 20 ఫీట్లకోసారి తాడుకు బరువు కట్టి దించి లోతు చూడున్రి. లెక్క కన్నా తక్కువ మట్టికే నిండితే ఇరుక్కున్నట్టే, బరువైన ఇనుప రాడ్ దించి పొడవాలె. ఆఖరి 10 ఫీట్లు బంకమట్టి వేసి కొంచెం కొంచెం దిమ్మిస చేయాలె. వానలు పడ్డంక చూసి, దిగితే మళ్లీ నింపున్రి.

నల్గొండ సార్:
వట్టిపోయిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా నింపాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇసుక, మట్టి, గులకరాళ్లు, బోరు పొడి ఏదైనా వాడొచ్చు. బోరు వేసేటప్పుడు తవ్విన బురద గుంత కూడా పూడ్చాలి, దాన్ని అందరూ మర్చిపోతారు. వాడుకలో ఉన్న బోరుకైతే కేసింగ్ చుట్టూ 50 సెంటీమీటర్ల చదరం సిమెంటు దిమ్మె కట్టాలి, భూమిపైన 30, లోపల 30 సెంటీమీటర్లు.

మర్రిగూడ యువరైతు:
పూడ్చకుండా వాన నీళ్లు లోపలికి వదిలితే? పక్క బోర్లకైనా ఊట వస్తది కదా.

కల్వకుర్తి మెకానిక్:
చేను నీళ్లు నేరుగా వదిలితే పురుగుమందు, యూరియా అన్నీ లోపలికి పోయి పక్క బోర్లల్ల తేలుతయి. చేయాల్నంటే కేసింగ్ చుట్టూ 6 ఫీట్ల గుంత తీసి, గుంతల ఉన్న కేసింగ్‌కు రంధ్రాలు కొట్టి, నైలాన్ జాలీ రెండు చుట్లు చుట్టాలె. కింద పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక. మూతికి క్యాప్ బిగించుడు తప్పనిసరి. ఏటా ఇసుక మార్చేటోళ్లు లేకుంటే పూడ్చుడే నయం.

దేవరకొండ రైతు:
పూడుస్తనన్నా. ఇంకో బోరు మోటారు రిపేరుకు పోయింది, దాని సంగతి?

కల్వకుర్తి మెకానిక్:
మోటారు బయటికి తీసిన రోజే బోరు మూతి మూయాలె. ఇనుప కేసింగైతే పలక వెల్డింగ్, లేకుంటే బోల్టుల క్యాప్. పీవీసీకి వెల్డింగ్ పట్టదు, మర క్యాప్ దొరుకుతది. చేతితోని లేచొచ్చే మూత ఏదీ పనికిరాదు.