థార్ ఎడారి అభయారణ్యాన్ని నిజంగానే జాతీయ పార్కు చేయాలా?

పటమట పిట్టలు (విజయవాడ):
రాజస్థాన్‌లో జైసల్మేర్, బార్మేర్ జిల్లాల్లోని డెజర్ట్ నేషనల్ పార్క్ పేరుకే పార్కు. 1980 నుంచీ చట్టం లెక్కలో అది అభయారణ్యమే. 3,162 చదరపు కిలోమీటర్లు, మన ఎన్టీఆర్ జిల్లా కంటే కాస్త తక్కువ. బట్టమేక పిట్టకి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మిగిలిన ముఖ్యమైన చోటు అదే. ఎలాగూ రక్షిత భూమే కదా, మొత్తాన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 35 కింద జాతీయ పార్కుగా ప్రకటిస్తే పోదా? నమీబియాలో 1979లో నమీబ్ ఎడారి పార్కునీ నౌక్లుఫ్ట్ కొండల పార్కునీ కలిపేశారు. అమెరికా 1994లో డెత్ వ్యాలీ, జాషువా ట్రీల హోదా పెంచి పార్కులు చేసింది.

అరండల్‌పేట వకీలు (గుంటూరు):
అంత తేలిక కాదండీ. 35(1) కింద వెలువడేది ఉద్దేశ ప్రకటన మాత్రమే. ఆ తర్వాత కలెక్టరు పట్టాలు, దారులు, మేత, నీళ్లు, ఒక్కో హక్కూ విచారించి తేల్చాలి. అభయారణ్యంలో 24(2)(సి) ప్రకారం కొన్ని హక్కుల్ని కొనసాగనివ్వొచ్చు. జాతీయ పార్కు విషయంలో ఆ వెసులుబాటుని చట్టమే తీసేసింది. హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడితేనే 35(4) కింద తుది నోటిఫికేషన్. ఆపైన 35(7) ఉంది: పశువుల మేత పూర్తిగా బంద్. లోపల గ్రామాలున్నాయి, వాళ్ల బతుకంతా గొర్రెలు, మేకలు, ఒంటెల మీదే. 2006 అటవీ హక్కుల చట్టాన్ని కూడా దాటాలి.

మీరు చెప్పిన అమెరికా చట్టమే చూడండి. అదే 1994లో మొహావీ ఎడారిని మాత్రం పార్కు చేయలేదు, ప్రిజర్వ్ అన్నారు, వేట ఆగకూడదని. అంటే అక్కడా బేరం కుదిరాకే హోదా మారింది.

బ్రాడీపేట గడ్డి (గుంటూరు):
మేత ఆపితే పిట్టకి మేలని ఎవరు చెప్పారు? రాజస్థాన్‌లోనే ఉన్న భరత్‌పూర్ పక్షుల పార్కులో 1982లో పశువుల్ని ఆపారు. గొడవలై పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. తర్వాత గేదెలు మేయకపోయేసరికి గడ్డి పెరిగి నీటి జాగాని కప్పేసింది, నీటి పక్షులకే ఇబ్బందైంది. అది చిత్తడి నేల, ఇది ఇసుక, తేడా ఉంది, ఒప్పుకుంటా. కానీ థార్‌లోని సేవణ్ గడ్డి కూడా ఏళ్ల తరబడి ఎవరూ తాకకపోతే మొదలు దగ్గర ముదిరి పుల్లలవుతుంది. బట్టమేకకి కావాల్సింది కలగలుపు: మగపిట్ట జత కోసం ఆడి చూపించడానికి పొట్టి గడ్డి, గుడ్డు పెట్టడానికి కాస్త పొడుగు గడ్డి. మేపుకోవడం మానేసి కంచె మాత్రం వేస్తే దొరికేది ఒకే ఎత్తు గడ్డి.

పటమట పిట్టలు:
గడ్డి గారూ, మేత ఉన్నచోట కాపరి ఉంటాడు, కాపరి వెంట కుక్కలుంటాయి. ఈ పిట్ట నేలమీద, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. అది పోతే ఆ విడతకి అంతే.

గుణదల వాసి (విజయవాడ):
మన ఉప్పలపాడులో జాతీయ పార్కు లేకుండానే ఊరివాళ్లు పెలికాన్లని కాపాడట్లేదా?

పటమట పిట్టలు:
ఉప్పలపాడులో గూళ్లు చెరువు మధ్య చెట్ల మీద. కుక్క ఈదుకుంటూ వెళ్లదు. ఇక్కడ గొర్రె గిట్ట పడినా గుడ్డు పోతుంది.

టవర్ లైన్ (విజయవాడ):
ఇందాకటి నుంచి అసలు శత్రువు పేరెత్తలేదు. బరువు 15 కిలోల దాకా ఉండే పిట్ట, ఎదురుగా సరిగా చూడలేదు, చటుక్కున మళ్లలేదు. కరెంటు తీగలకి తగిలి చస్తోంది. ఆ తీగలు చాలావరకు అభయారణ్యం గీత బయటే. సెక్షన్ 35 అక్కడిదాకా రాదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు లైన్లని భూమిలో వేయమంది, 2024 మార్చిలో దాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. కారణాల్లో సాంకేతికమైనవీ ఉన్నాయి. 33 కేవీ కేబుల్ పాతిపెట్టొచ్చు, ఖర్చు తప్ప చిక్కు లేదు. 400 కేవీ ఏసీ కేబుల్‌ని చాలా దూరం పాతిపెడితే దాని కెపాసిటెన్సే (కేబుల్ తనలో చార్జి నిలుపుకునే గుణం) కరెంటు తినేస్తుంది, దాన్ని సరిచేయడానికి మధ్యమధ్య రియాక్టర్లు, అంటే పెద్ద తీగచుట్టలు పెట్టాలి. ఎండిన ఇసుక వేడిని లాక్కోదు కాబట్టి కేబుల్ సామర్థ్యం తగ్గించి నడపాలి. జాయింట్ పోతే ఎక్కడ తవ్వాలో వెతకడమే ఒక పని. పార్కు బోర్డు మారిస్తే ఇవన్నీ మారతాయా?

అరండల్‌పేట వకీలు:
మధ్యేమార్గం ఉంది. పిట్ట గుడ్లు పెట్టే ప్రభుత్వ భూముల్ని మాత్రం, అదీ జనం ఒప్పుకున్న మేరకే, జాతీయ పార్కు చేయండి. మిగతాది అభయారణ్యంగానే ఉండనివ్వండి. అభయారణ్యం గీత బయట, ఊరి దేవుడి పేరున వదిలిన ఓరణ్ భూముల్ని, ఊరు ముందుకొస్తే, 36సి కింద కమ్యూనిటీ రిజర్వులు చేయొచ్చు, యాజమాన్యం ఊరి చేతిలోనే ఉంటుంది. ఒక జాగ్రత్త: 35(5) వల్ల ఒకసారి గీసిన హద్దుని జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా మార్చలేం. అందుకని సర్వే నంబర్లు తేలకుండా గీయొద్దు.

బ్రాడీపేట గడ్డి:
చిన్న ముక్కలంటే నాకు భయమే. కర్నూలు వైపున్న మన రోళ్లపాడు చూడండి. 1988లో ఈ పిట్ట కోసమే 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం పెట్టారు. కంచె లోపల జింకలు పెరిగి చుట్టూ ఉన్న చేలమీద పడ్డాయి, రైతులకి అభయారణ్యమంటేనే మంట. బయటి మెట్టపొలాలకి నీరొచ్చి పంటలు మారాయి. పిట్ట పోయింది. ఏడాది పొడుగునా తిరిగే పక్షికి గుడ్డు పెట్టే మడి ఒక్కటే చాలదు.

పటమట పిట్టలు:
సరే, అప్పుడు 3,162 మొత్తానికీ ఒకే హోదా అన్న మాట వెనక్కి తీసుకుంటాను. వకీలు గారూ, లోపలి గుడ్ల మడులకి గుడ్లు పెట్టే నెలల్లో మాత్రం మేత ఆపి, మిగతా నెలల్లో అనుమతించేలా సెక్షన్ 33 కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ చేయగలరా? చేయగలిగితే 35 జోలికి వెళ్లడమే అనవసరం.

అరండల్‌పేట వకీలు:
చేయొచ్చు. మేతని క్రమబద్ధం చేసే అధికారం 33(డి)లోనే ఉంది. కాకపోతే హక్కుగా రాసిపెట్టి ఉన్న మేతకి, అలవాటుగా సాగుతున్న మేతకి తేడా తేలాలి. అది కలెక్టరు విచారణలోనే తేలుతుంది.