జాక్ కెల్లీని హెన్లీ పందెంలోకి రానివ్వనిది తాపీపని చేశాడనేనా?

ప్రశ్న (నదిగట్టు):
మేం ఫిలడెల్ఫియా వచ్చి రెండేళ్లయింది. పొద్దున్నే కెల్లీ డ్రైవ్ అనే రోడ్డు మీద నడుస్తుంటాను. అక్కడ పడవలో తెడ్లు పట్టుకుని కూర్చున్న మనిషి విగ్రహం ఒకటుంది. ఆయన జాన్ బి. కెల్లీ (జాక్ అనేవారు), నటి గ్రేస్ కెల్లీ వాళ్ల నాన్న. తాపీపని చేసేవాడని 1920లో ఇంగ్లండ్‌లోని హెన్లీ పడవ పందెంలోకి రానివ్వలేదట. నిజమేనా? తర్వాత ఒలింపిక్స్ గెలిచినప్పుడు పెట్టుకున్న టోపీని ఇంగ్లండ్ రాజుగారికి పంపాడని కూడా విన్నాను.

జవాబు (మేస్త్రిగారబ్బాయి):
నిజమేనండీ, కానీ అదొక్కటే కాదు. హెన్లీ నిర్వాహకుల మీటింగ్ మినిట్స్‌లో రెండు కారణాలున్నాయి. మొదటిది ఆయన క్లబ్బు, వెస్పర్. 1905లో ఆ జట్టు హెన్లీకి వెళ్లినప్పుడు డబ్బు విషయంలో అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాళ్లు) నిబంధన తప్పారని గొడవైంది. ఇక వెస్పర్ నుంచి ఎవరినీ తీసుకోకూడదని 1906లో తీర్మానించారు. రెండోది చేతిపని. కూలికి పనిచేసేవాడు అమెచ్యూర్ కాడని అప్పటి రూలు. రోజూ బరువులెత్తేవాడికి కండబలం ఎక్కువ కాబట్టి పోటీ సమానం కాదని వాళ్ల వాదన.

జనానికి రెండోదే గుర్తుండిపోయింది. నాకూ అంతే. మా నాన్న తాపీమేస్త్రి. సిమెంటుకి వేళ్లు పగిలి, కూరలో కారం తగిలితే మంట పుట్టి ఎడంచేత్తో నీళ్లగ్లాసు అందుకునేవారు. అలాంటి చేతుల్ని అనర్హత అని కాగితం మీద రాశారంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

ఆ ఏడాది హెన్లీలో డైమండ్ స్కల్స్, అంటే ఒక్కరే పడవ నడిపే పందెం, గెలిచింది ఇంగ్లండ్ వాడు జాక్ బెరెస్‌ఫర్డ్. కొన్ని వారాలకే ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్ (ఒంటరి పడవ పందెం) ఫైనల్లో అతనూ కెల్లీ తలపడ్డారు. పందెం బ్రస్సెల్స్ దగ్గరి కాలువలో. కెల్లీ 7 నిమిషాల 35 సెకన్లు, బెరెస్‌ఫర్డ్ 7 నిమిషాల 36. ఒక్క సెకను! షేక్‌హ్యాండ్ ఇచ్చుకునే ఓపిక కూడా ఇద్దరికీ మిగల్లేదంటారు. అదే రోజు కెల్లీ మళ్లీ పడవెక్కి, కజిన్ పాల్ కాస్టెల్లోతో డబుల్ స్కల్స్ (ఇద్దరు నడిపే పడవ పందెం) కూడా గెలిచాడు. 1924 పారిస్‌లో కెల్లీ, కాస్టెల్లో డబుల్ స్కల్స్ మళ్లీ గెలిచారు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మొదటి రోయర్ (పడవ పందేల ఆటగాడు) కెల్లీనే.

టోపీ సంగతి జనం చెప్పుకునే కథ. మా పిల్లలకి నేను ఆ ఒక్క సెకను గురించే చెబుతాను.

జవాబు (తెడ్డు):
ఇంకో ముక్క. 1936లో ఒలింపిక్స్‌కి వెళ్తున్న ఆస్ట్రేలియా జట్టులో సిడ్నీ పోలీసులుంటే, వాళ్లనీ చేతిపనివాళ్ల కింద లెక్కేసి హెన్లీలో ఆడనివ్వలేదు. దానిమీద పెద్ద దుమారం రేగింది. మరుసటేడే ఆ రూలు తీసేశారు. 1947లో కెల్లీ కొడుకు అదే హెన్లీలో డైమండ్ స్కల్స్ గెలిచాడు, 1949లో మళ్లీ. కెల్లీ డ్రైవ్‌కి పేరు ఆ కొడుకుదే.

నదిగట్టు:
అయ్యో, రోడ్డు కూడా తండ్రి పేరు మీదే అనుకున్నాను. మేస్త్రిగారబ్బాయి గారూ, రేపు ఆ విగ్రహం దగ్గర ఆగి చేతులు ఎలా చెక్కారో చూస్తాను. ఫొటో తీసి ఇక్కడే పెడతాను.