మా తమ్ముణ్ని డిప్రెషన్ స్టడీలో చేర్పించాలా, వద్దా?

సుజాత_నల్గొండ (శనివారం రాత్రి 9:20)
మా తమ్ముడికి 26 ఏళ్లు. డిప్రెషన్‌కి ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తున్నాం. మొన్న డాక్టర్ గారు ఒక స్టడీ గురించి చెప్పారు. ఇప్పుడు వాడే మందు అలాగే ఉంచి, దానికి తోడు ఇంకో బిళ్ల ఇస్తారట. కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ల. ఎవరికి ఏది పడిందో డాక్టర్‌కి కూడా తెలియదట. 12 వారాలు. వెళ్లిన ప్రతిసారీ దారిఖర్చులకు 500 ఇస్తారు. 11 పేజీల కాగితం చేతిలో పెట్టి, శుక్రవారం వచ్చి చెప్పమన్నారు. చేర్పించాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాంబాబు_ఖమ్మం (9:48)
వద్దమ్మా. 500 ఇస్తున్నారంటేనే ఆలోచించాలి. మందు మంచిదైతే ఎదురు డబ్బు ఎందుకిస్తారు? మా జిల్లాలో 2009లో హాస్టల్లో ఉండే గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకెళ్లి మందులు పరీక్షించిన గొడవ పేపర్లన్నీ రాశాయి. అక్కడా డబ్బు ఆశే. పేదవాళ్ల ఒళ్లంటే వీళ్లకు అంత చులకన.

స్వాతి_ఫీల్డ్‌వర్క్ (10:15)
రాంబాబు గారూ, ఆ రెండూ జరిగినవే, కాదనను. కానీ 500 లంచం కాదు. నేను ఆరేళ్లుగా ఇలాంటి స్టడీల్లో పేషెంట్లను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగే ఉద్యోగం చేస్తున్నాను. నల్గొండ నుంచి ఇద్దరు రానుపోను బస్సు, ఆటో, మధ్యాహ్నం భోజనం లెక్కేసుకోండి, ఏం మిగులుతుంది? ఆశపెట్టేంత డబ్బు ఇవ్వకూడదని, పేషెంట్లకు అన్యాయం జరగకుండా స్టడీని ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీయే చూస్తుంది.

సుజాత గారూ, కాగితంలో సీటీఆర్ఐ నంబరు ఉందేమో చూడండి. మనుషుల మీద చేసే పరీక్షలను, అంటే ట్రయల్స్‌ను, నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్ అది. 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి. ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే డబ్బు ఎవరు పెడుతున్నారో, ఎంతమందిని తీసుకుంటున్నారో వస్తుంది. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని కేంద్రం 2019లో తెచ్చిన క్లినికల్ ట్రయల్స్ రూల్స్ చెబుతున్నాయి. ఉన్న మందు ఆపడం లేదు కాబట్టి సగం భయం అక్కర్లేదు. ఇక ఉత్తుత్తి బిళ్ల అంటే మోసం అనుకోవద్దు. డిప్రెషన్ ట్రయల్స్‌లో అది వేసుకున్నవాళ్లలో కూడా దాదాపు మూడో వంతు మందికి తేడా కనిపిస్తుంది. పక్కన అది పెట్టి పోల్చకపోతే మందు పనిచేసిందో, మనిషే తేరుకున్నాడో తెలిసే దారి లేదు.

కొత్తపేట_వేణు (10:22)
మా ఇంట్లోనూ ఇదే గొడవ నడుస్తోంది. చదువుతున్నాను.

రాంబాబు_ఖమ్మం (10:40)
స్వాతి గారూ, మీ జీతం ఆ స్టడీ నుంచే వస్తుంది, మీరు ఇలాగే చెబుతారు. బస్సు ఛార్జీ అయితే టికెట్ చూపిస్తే ఇవ్వాలి. అందరికీ ఒకటే 500 ఏమిటి? కూలి మానుకుని వచ్చేవాడికి 500 అంటే ఆశే.

స్వాతి_ఫీల్డ్‌వర్క్ (10:52)
టికెట్లు అడిగితే ఆటోలో వచ్చినవాళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు? ఏమీ ఇవ్వకపోతే పేదవాళ్ల సమయానికి విలువ లేదా అని మీరే అడుగుతారు.

అరుణ_ఏలూరు (ఆదివారం ఉదయం 6:35)
రాత్రంతా 500 దగ్గరే ఆగిపోయారు. నేను ఒక స్టడీలో ఉన్నాను, చెబుతాను. మందు కాదు, కౌన్సెలింగ్ స్టడీ. నాకు చీటీలో కౌన్సెలింగ్ లేని గుంపు పడింది. ఇంటికొచ్చి ఏడ్చాను. అయినా మానలేదు.

నెలకోసారి ఒకమ్మాయి కూర్చోబెట్టి తొమ్మిది ప్రశ్నలు అడిగేది. గత రెండు వారాల్లో నిద్ర పట్టని రోజులు ఎన్ని? అసలు లేదా, కొన్ని రోజులా, సగం కంటే ఎక్కువ రోజులా, దాదాపు రోజూనా? మా అత్తగారింట్లో నాలుగేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు. బద్ధకం అన్నారు, ఒళ్లొంగదు అన్నారు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని నా జవాబు కోసం ఆగింది. నేను తేల్చుకునేదాకా ఆగింది. ఆ ఆగడం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంకొకటి. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. మనం కూర్చుని చెప్పకపోతే మన బాధ ఏ లెక్కలోకి ఎక్కుతుంది? మా పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన పెద్ద స్టడీ ఒకటి జరిగింది. తలుపు తీసి మాట్లాడినవాళ్లు ఉండబట్టే అది అయింది.

రాంబాబు_ఖమ్మం (7:50)
అరుణ గారూ, మీకు మంచి జరిగింది, సంతోషం. మా తమ్ముడి సంగతి వినండి. స్కిజోఫ్రెనియా. ఊరు పేరు, ఆసుపత్రి పేరు వద్దు. ట్రయల్లో ఇచ్చిన మందుకి వాడు మనిషయ్యాడు. గడ్డం తనే గీసుకున్నాడు. పొలం గట్టు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత గడువు అయిపోయింది, మందు ఆపేశారు. బయట కొందామంటే దొరకలేదు. ఫోన్ చేస్తే స్టడీ క్లోజ్ అయింది అన్నారు. రెండు నెలల్లో మళ్లీ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. వాడి రక్తం తీసుకున్నారు, జవాబులు తీసుకున్నారు. ఏం తేలిందో ఒక్క ముక్క రాసి పంపలేదు.

అందుకే చెబుతున్నాను. జబ్బులో ఉన్నవాడు సరే అంటే అది సరే కాదు. వాడికి ఏది చెప్పినా తల ఊపుతాడు. ఇంట్లోవాళ్లే అడ్డుపడాలి.

అరుణ_ఏలూరు (8:05)
అంటే నేను పెట్టిన సంతకం సంతకం కాదా? నేను ఓటేస్తాను. నా పిల్లల స్కూలు కాగితాల మీద సంతకం పెడతాను. స్టడీ దగ్గరికి వచ్చేసరికి నాకు బుర్ర లేదా? మా ఆయనా ఇదే మాట అన్నాడు, నీకేం తెలుసు అని. మీ తమ్ముడికి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. దానికి నా నోరు ఎందుకు మూయిస్తారు?

రాంబాబు_ఖమ్మం (8:11)
మీ గురించి అనలేదు.

అరుణ_ఏలూరు (8:13)
నా గురించే అన్నారు. జబ్బులో ఉన్నవాడు అన్నారు. నేను ఇప్పటికీ మందులు వాడుతున్నాను.

స్వాతి_ఫీల్డ్‌వర్క్ (9:30)
ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ ప్రకారం, కేవలం మాట్లాడించే పరిశోధన అయినా సరే, ఆ మనిషి స్వయంగా, తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి. ఒప్పుకునే స్థితిలో నిజంగా లేకపోతే, మందులిచ్చే పరిశోధనకు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి. అన్నదమ్ములు సంతకం పెట్టేస్తే సరిపోదు.

రాంబాబు గారూ, మీరు నిన్న నా జీతం మాట ఎత్తితే కోపం వచ్చింది. కానీ స్టడీ అయ్యాక మందు సంగతి ఏమిటన్నది మీరు సరిగ్గా అడిగారు. నేను ప్రశ్నలు అడిగిన ఎంతోమందికి ఫలితం చెప్పడానికి మళ్లీ వెళ్లలేదు. ప్రాజెక్టు డబ్బు అయిపోయింది. నాకు ఆ ముఖాలు గుర్తొస్తాయి.

రాంబాబు_ఖమ్మం (11:40)
మా వాడి కాగితం మీద సంతకం నేనే పెట్టాను. చదవలేదు. వాడు పక్కనే కూర్చుని ఉన్నాడు, వాణ్ని అడగలేదు. డాక్టర్ కూడా అడగలేదు. 500 గురించి అంత మాట్లాడాను గానీ, ఆ డబ్బు జేబులో పెట్టుకున్నది నేనే. వాడికి ఒక టీ ఇప్పించాను.

కొత్తపేట_వేణు (11:46)
అన్నా, మీరు మంచికే చేశారు.

రాంబాబు_ఖమ్మం (11:50)
మంచికే. అయినా అడగాల్సింది.

అరుణ_ఏలూరు (12:30)
సుజాత గారూ, ‘చేర్పించాలా’ అని అడిగారు. ‘చేరాలా’ అని మీ తమ్ముడు అడిగాడా?

సుజాత_నల్గొండ (సోమవారం రాత్రి 10:05)
అడగలేదు. ఆ కాగితం మూడు రోజులు నా బ్యాగులోనే ఉండిపోయింది, వాడికి చూపించలేదు. చదివితే టెన్షన్ పడతాడని. నిన్న సాయంత్రం ఇచ్చాను. డాబా మీదికి తీసుకెళ్లాడు. కింద అన్నం చల్లారిపోయింది, అయినా పిలవలేదు. వచ్చేసరికి ఏడో పేజీలో పెన్సిల్ గీత ఉంది. ‘మధ్యలో మానేస్తే డాక్టర్‌కి కోపం వస్తుందా అక్కా’ అన్నాడు. వాడు ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో. శుక్రవారం తనే అడుగుతాడట. నన్ను గది బయట ఉండమన్నాడు. సరే అన్నాను.

రాంబాబు_ఖమ్మం (10:12)
స్టడీ అయ్యాక మందు ఇస్తారా లేదా, అందులో రాసి ఉందేమో చూడమని చెప్పమ్మా.

సుజాత_నల్గొండ (10:20)
చూశాం అన్నా, ఎక్కడా లేదు. వెనక అట్ట మీద రాసుకున్నాడు, అదీ అడుగుతాడట.