కారుకు అదనపు ఎర్తింగ్ కిట్: నాలుగు వేలు పెట్టవచ్చా?

కొండదారి (తిరుపతి):
నాది 2011 నాటి డీజిల్ కారు. ఉదయం సెల్ఫ్ కొడితే బరువుగా తిరుగుతోంది. ఏసీ వేయగానే హెడ్‌లైట్లు ఒక్క క్షణం మసకబారుతున్నాయి. బ్యాటరీ కొత్తదే. రేణిగుంట రోడ్డులో ఒక దుకాణంలో చూపిస్తే ఎర్తింగ్ కిట్ వేయించుకోమన్నారు. ఇంజిన్, బాడీల నుంచి వచ్చే ఐదు లావు కేబుళ్లు, వాటన్నిటినీ బ్యాటరీ నెగటివ్ దగ్గర కలిపే ఇత్తడి దిమ్మ, మొత్తం నాలుగు వేలు. పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయట, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు తేడా మీకే తెలుస్తుందన్నారు. వేయించినవారు ఎవరైనా ఉన్నారా?

పాతడీజిల్:
నేను వేయించాను. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది. ఇంజిన్ వేగంతో పాటు స్పీకర్లలో పెరిగే కీచు శబ్దం పోయింది. మైలేజీ నేను లెక్కపెట్టలేదు కానీ, డబ్బు దండగ అని మాత్రం అనను. ఇక్కడ కొందరికి ఏ కొత్త వస్తువు పేరెత్తినా మోసంలాగే కనిపిస్తుంది, వాళ్ల మాట పట్టించుకోకండి.

మీటర్‌మనిషి (చిత్తూరు):
ఆ కొందరిలో నేనూ ఒకడిని కాబట్టి జవాబిస్తున్నాను. పాతడీజిల్ గారూ, మీ సెల్ఫ్ బాగుపడిందంటే నమ్ముతాను. కిట్ వల్లే బాగుపడిందంటే నమ్మను. కేబుళ్లు బిగించేటప్పుడు ఆ ఎలక్ట్రీషియన్ పాత బోల్టులు విప్పి, ఉప్పుకాగితంతో తుప్పు గీకి, మళ్లీ బిగించి ఉంటాడు. సగం పని అక్కడే అయిపోయింది.

కారులో కరెంటు బ్యాటరీకి తిరిగి చేరేది చాలావరకు బాడీ రేకు ద్వారానే. ఎర్త్ అంటే ఈ తిరుగుదారే. ఇంజిన్ మాత్రం రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. అందుకే దానికీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా చాలా కార్లలో దాని గుండానే వెనక్కి రావాలి. ఆల్టర్నేటర్ కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి దానికీ అదే దారి. కింద బురద నీళ్లు తగిలి ఆ పట్టీకి చిలుము పట్టిందనుకోండి. రెండు మిల్లీ ఓమ్‌ల అడ్డు చాలు, 200 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టులు అక్కడే పోతాయి. కొండదారి గారు చెప్పిన రెండు లక్షణాలూ అక్కడి నుంచే రావచ్చు.

కొనే ముందు కొలవండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు మీద కాదు, బ్యాటరీ సీసపు మొలక మీదే. రెండో మొన ఇంజిన్ మీద రంగు లేని లోహానికి ఆనించి, పక్కవారిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే మీ ఎర్త్‌కు ఏ కిట్టూ అక్కర్లేదు. దాటితే క్లాంపు, బాడీ, ఇంజిన్ వరుసగా చూసుకుంటూ పోండి. ఎక్కడ అంకె ఎగబాకితే లోపం అక్కడే.

ఇక పికప్ మాట. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గే లేదు. ఇంధనం ఎంత పోయాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. బానెట్ కింద ఎర్ర కేబుళ్లు మెరుస్తున్నాయని అది ఒక్క చుక్క కూడా అదనంగా పోయదు.

గాజులమండ్యం:
కిట్ తీసుకునేవారు కేబుల్ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, ఖరీదు మాత్రం రాగిది. ఇంకొకటి, కొత్త కార్లలో నెగటివ్ క్లాంపు దగ్గరే బ్యాటరీ సెన్సర్ ఉంటుంది. వచ్చీ పోయే కరెంటును లెక్కించేది అదే. దాన్ని తప్పించి కేబుళ్లను నేరుగా నెగటివ్‌కు కలిపితే ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. అయితే పెద్ద ఆంప్లిఫయర్ పెట్టుకున్నవారికి బ్యాటరీ నుంచి బాడీకి లావు ఎర్త్ కేబుల్ న్యాయమైన ఖర్చే.

పాతడీజిల్:
నాకున్నది ఆంప్లిఫయరే కదా! మరి ఇంతసేపూ నాతో వాదన ఎందుకు?

కొండదారి (తిరుపతి):
కొలిచాను. బాడీ దగ్గర 0.08, ఇంజిన్ దగ్గర 0.55. తిరుచానూరు రోడ్డులో ఎలక్ట్రీషియన్ కారు పైకెత్తి చూశారు. గేర్‌బాక్స్ పక్కనున్న పట్టీలో సగం తీగలు తెగిపోయి, మిగిలినవి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొత్త పట్టీ 350 రూపాయలు, రేపు వేస్తారు. కిట్ దుకాణం వారికి ఫోన్ చేస్తే, “ఎర్త్ లోపమని మేము ముందే చెప్పాము కదా” అన్నారు.

పాతడీజిల్:
వాళ్లు చెప్పింది నిజమే అయింది. ఐదు కేబుళ్లలో ఒకటి ఇంజిన్ నుంచి వచ్చేదే, అది వేసినా ఈ లోపం పోయేది.

మీటర్‌మనిషి (చిత్తూరు):
పోయేది. రోగం సరిగ్గానే చెప్పారు, మందు మాత్రం తమ అరలో ఉన్నదే రాశారు. తెగిన పట్టీ కింద అలాగే ఉండిపోయేది, మిగిలిన నాలుగు కేబుళ్లకు పని ఉండేది కాదు. కొండదారి గారూ, పట్టీ వేశాక మళ్లీ కొలిచి అంకె ఇక్కడ పెట్టండి. హెడ్‌లైట్లు అప్పటికీ మసకబారితే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజీ చూడండి. 14కు అటూఇటూ ఉండాలి. 13 కూడా దాటకపోతే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. పాతడీజిల్ గారూ, మీరు కూడా ఒకసారి కిట్ విప్పి కొలుస్తారా?

పాతడీజిల్:
బాగా నడుస్తున్న బండిని మీ వాదన కోసం విప్పను సార్.