‘బాయ్’ అంటే అబ్బాయి కాదు

అనువాదకురాలు: ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960) నవల 19వ అధ్యాయం అనువాదంలో ఒక సందేహం, మన బృందమే తీర్చాలి. అలబామాలో కోర్టు, 1935. బోనులో టామ్ రాబిన్సన్, మయెల్లా అనే తెల్ల అమ్మాయిని బలాత్కరించాడన్న నింద పడ్డ నల్లజాతి మనిషి. వయసు 25, పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు. ప్రాసిక్యూటర్ గిల్మర్ అతన్ని ‘బాయ్’ అంటాడు. దీన్ని అబ్బాయి అనాలా, కుర్రాడనాలా, ఒరేయ్ అనాలా, ‘బాయ్’ అనే ఉంచాలా? ఇంటర్ పిల్లలకు చదివించి, ఇప్పటి వివక్ష మీద మాట్లాడించడానికి వాడే పాఠం ఇది. మాట తప్పితే చర్చ కూడా పక్కదారి పడుతుంది.

తెలుగు మాస్టారు: ‘అబ్బాయి’ని ముందే కొట్టేయండి. అది ముద్దు మాట, పెళ్ళిచూపుల మాట. ‘అబ్బాయి డాలస్‌లో ఉంటాడు’ అంటే కట్నం పెరుగుతుందే గాని పరువు తగ్గదు. ‘కుర్రాడు’ వయసు చెప్పి ఊరుకుంటుంది. ‘బాయ్’ అనే ఉంచితే హైదరాబాద్ పిల్లలకు ‘భాయ్’ అని వినబడుతుంది, తిట్టు కాస్తా అన్నదమ్ముల పిలుపైపోతుంది.

అసలు చిక్కు ఈ ఒక్క మాటతో కాదు. ఇంగ్లీషులో ‘యూ’ అందరికీ ఒకటే. ఎక్కువ తక్కువలు చూపాలంటే వాళ్ళకు మిస్టర్, మిస్, సర్, బాయ్ లాంటి పిలుపులే దిక్కు. మనకు ఆ పని సర్వనామమూ క్రియా చేస్తాయి: నువ్వు, మీరు, వాడు, అతను, ఆయన, అది, ఆమె, ఆవిడ, చెప్పు, చెప్పండి. అంచేత ‘బాయ్’లో ఉన్న విషాన్ని ఒక్క మాటలో ఇమడ్చాలని చూడకండి, వాక్యమంతా పంచండి.

అనువాదం మొదలెట్టే ముందు ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఇంగ్లీషు పిలుపు ఏమిటి, తెలుగులో నువ్వా మీరా. విచారణ జరిగే 17, 18, 19 అధ్యాయాలకు అది నింపండి. మయెల్లా తండ్రి యూవెల్ తెల్లవాడు, గిల్మర్ అతన్ని ‘మిస్టర్’ అని పిలుస్తాడు. ఊళ్ళో అతనికి కాస్తయినా పరువు లేకపోయినా సరే, అక్కడ ‘మీరు, చెప్పండి’ పడాలి. రెండు అధ్యాయాల తర్వాత అదే నోట ‘ఏరా, చెప్పు’ రావాలి. ఒట్టి ‘ఒరేయ్’ పెడితే మన పాఠకుడు గిల్మర్‌ను నోటిదురుసు లాయరు అనుకుని పేజీ తిప్పేస్తాడు. యూవెల్‌కు దక్కిన ‘మీరు’ పక్కన ఉన్నప్పుడే టామ్‌కు పడిన ‘ఏరా’ జాతిని చూసి అన్నదని తెలుస్తుంది.

ఎక్కువమంది తప్పేది 18వ అధ్యాయంలో. టామ్ తరపు లాయరు ఆటికస్ పంతొమ్మిదేళ్ళ మయెల్లాను ‘మిస్ మయెల్లా’ అంటాడు, ‘మామ్’ (మేడమ్) అంటాడు. తనను వెక్కిరిస్తున్నాడని ఆమె ఉడుక్కుంటుంది. చిన్నపిల్ల కదా అని అనువాదంలో ‘నువ్వు’ పెట్టేస్తే ఆ కోపానికి కారణమే ఉండదు. అక్కడ ‘మీరు’ తప్పదు. ఆమె మాత్రం టామ్‌ను ‘వాడు’ అంటుంది. జీవితంలో ‘మీరు’ విని ఎరగని పిల్లకు కూడా ‘వాడు’ అనడానికి ఒక మనిషి దొరికాడన్నమాట.

అనువాదకురాలు: మరి ఆటికస్ టామ్‌ను ఏమంటాడు? ‘టామ్’ అని పేరు పెట్టే పిలుస్తాడుగా.

తెలుగు మాస్టారు: ‘నువ్వు’. ‘ఏరా’ లేని నువ్వు. ‘మీరు’ పెడితే ఆటికస్‌ను కాలం దాటించి ఇప్పటి మనిషిని చేసినట్టవుతుంది. మంచివాడే, కానీ 1935 అలబామా మనిషి. కథ చెప్పే పిల్ల నోట మాత్రం ‘అతను’ పెట్టండి, ‘వాడు’ వద్దు.

ఇక 19వ అధ్యాయంలో కీలకమైన చోటు. మయెల్లాను చూస్తే జాలేసింది అంటాడు టామ్. ఆ మాటే అతని కొంప ముంచుతుంది. తెల్ల ఆడపిల్ల మీద జాలిపడే హక్కు నల్లవాడికి ఉందని ఆ జ్యూరీ ఒప్పుకోదు. గిల్మర్ వెంటనే ఆ మాటను పట్టుకుని రెట్టిస్తాడు. ‘నీకు ఆమె మీద జాలి కలిగిందా?’ అని రాస్తే అది డాక్టరు అడిగినట్టుంటుంది. ‘జాలిపడ్డావా? ఆమె మీద? నువ్వా?’ అనండి. ‘నువ్వా’ చివర పడాలి. ముందుకు తెస్తే సగం చచ్చిపోతుంది.

కరీంనగర్ సభ్యుడు: టామ్ మాట మాటకు ‘సర్’ అంటడు, అదీ యాసల. దానికి ‘దొరా’ పెడితే? మా దిక్కు ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అన్నది తాతల కాలం దాక వినవడ్డ మాటే. దొర అంటే భూస్వామీ, తెల్లోడూ ఇద్దరూ వస్తరు. గిల్మర్ నోట ‘ఏరా’, టామ్ నోట ‘దొరా’. జోడీ కుదురుతది.

అనువాదకురాలు: కుదరడమే భయం. ‘దొరా’ అనగానే గడీ, వెట్టి కళ్ళముందుకొస్తాయి. టామ్ వెట్టివాడు కాదు, కూలి తీసుకుని పనిచేసేవాడు. 1865లో బానిసత్వం రద్దయి అప్పటికి 70 ఏళ్ళు. చట్టం దృష్టిలో స్వతంత్రుడైన మనిషిని కోర్టులోనే ‘బాయ్’ అంటున్నారన్నది కదా అక్కడి సంగతి. ‘దొరా’ పెడితే ఆ తేడా కనబడదు.

తెలుగు మాస్టారు: నా ఓటు ‘సార్’కే, అక్కడక్కడ ‘అయ్యా’. ఇంకో గొయ్యి కూడా ఉంది. టామ్ యాసలో మాట్లాడాడని తెలుగులో ఏ ఉత్తరాంధ్ర యాసో, ఏ తెలంగాణ యాసో అతని నోట పెట్టకండి. మన సినిమాల్లో చాలాకాలం యాస కమెడియన్‌కూ రౌడీకీ దక్కింది. ఒక వివక్షను చూపించబోయి ఇంకోదాన్ని చేసినట్టవుతుంది. చిన్న వాక్యాలు, వాడుక మాటలు చాలు.

కరీంనగర్ సభ్యుడు: యాస సంగతి ఒప్పుకుంట. ‘దొరా’ మీద మాత్రం నా మాట నాదే.

లాయరు గారు: ఈ పిలుపుల తగువు నవలతో ఆగలేదు, అలబామా నుంచే రెండు సార్లు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1963లో గాడ్స్‌డెన్ కోర్టులో పౌరహక్కుల కార్యకర్త మేరీ హామిల్టన్‌ను ప్రాసిక్యూటర్ ‘మేరీ’ అని పిలిచాడు. ‘మిస్ హామిల్టన్’ అంటేనే జవాబిస్తానని ఆమె మొండికేసింది. కోర్టు ధిక్కారం కింద 50 డాలర్ల జరిమానా, 5 రోజుల జైలు. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

రెండోది యాష్ వర్సెస్ టైసన్ ఫుడ్స్, 2006. ఇదీ గాడ్స్‌డెనే, కోళ్ళ కర్మాగారం. ప్రమోషన్ రాని ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు, మేనేజరు తమను ‘బాయ్’ అనేవాడని సాక్ష్యం చెప్పారు. ‘బ్లాక్’ లాంటి విశేషణం ముందు లేకపోతే ఒట్టి ‘బాయ్’ జాతిద్వేషానికి రుజువు కాదంది కింది అప్పీలు కోర్టు. అది తప్పంది సుప్రీంకోర్టు. సందర్భం, ఉచ్చారణ, గొంతు తీరు, స్థానిక ఆచారం, చరిత్రలో ఆ మాట వాడుక, వీటిని బట్టి అన్నవాడి అర్థం తేలుతుందని చెప్పింది. క్లాసులో నవల పక్కన పెట్టడానికి ఇంతకన్నా మంచి జోడు లేదు.

తెలుగు మాస్టారు: ఇక్కడో తమాషా. ‘వివక్ష’ అంటే సంస్కృతంలో ‘చెప్పాలన్న కోరిక’, వక్త ఉద్దేశం. వ్యాకరణంలో ఇప్పటికీ అదే అర్థం. పేపర్లలో మాత్రం తేడా చూపడం అనే అర్థమే స్థిరపడింది. ఆ తీర్పులో పాత వివక్షతో కొత్త వివక్షను కొలిచారు.

అనువాదకురాలు: పిల్లలు తప్పకుండా ‘మన ఒరేయ్ కూడా అంతేనా?’ అని అడుగుతారు.

లాయరు గారు: అడిగితే ఆ తీర్పులోని కొలతలే వాడమనండి. అమ్మ కొడుకును ‘ఒరేయ్’ అంటుంది, స్నేహితులు అనుకుంటారు. అదే పిలుపుతో పదేళ్ళ పిల్లాడు అరవయ్యేళ్ళ దళితుణ్ణి పిలిస్తే వేరు. చట్టంలో కూడా రెండు దారులున్నాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించాక, సెక్షన్ 3(1)(ఎస్)కి కులం పేరుతో దూషించడం ఉండాలి. 3(1)(ఆర్)కి కించపరచాలన్న ఉద్దేశంతో అవమానించడం ఉండాలి, కులం పేరే ఎత్తాలని అందులో లేదు. రెండింటికీ నలుగురి కళ్ళబడే చోట జరగాలి. ఫిర్యాదుల్లో చాలా మంది తప్పేది ఇక్కడే. ‘నన్ను అవమానించారు’ అని రాస్తారు. ఏ మాట, ఏ చోట, ఎవరు విన్నారు అన్నవి రాయరు.

తెలుగు మాస్టారు: క్లాసుకు ఇంకో ఉదాహరణ: ‘ఆఫీస్ బాయ్’. యాభై ఏళ్ళ మనిషికి ఆ ఉద్యోగం పేరు. పాతికేళ్ళ ఉద్యోగి ఆయన్ను ‘నువ్వు’ అంటాడు. ‘బాయ్’ మనకు తెలియని మాటేం కాదు.

ఒక జాగ్రత్త. జాతీ కులమూ ఒకటే అని బోర్డు మీద రాయకండి. ‘వర్ణవివక్ష’ అన్న మాటతోనే ఆ గందరగోళం వస్తుంది, వర్ణమంటే రంగూ అవును, చాతుర్వర్ణ్యమూ అవును. పేపర్లలో అది దక్షిణాఫ్రికాకు అతుక్కుపోయింది. అలబామాకు ‘జాతివివక్ష’ వాడండి, ఇక్కడి సంగతికి ‘కులవివక్ష’.

అనువాదకురాలు: ఇంకొక్కటి. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెలో పట్టుకున్న అట్టల మీద ‘ఐ యామ్ ఎ మ్యాన్’ అని ఉంటుంది. ‘నేను మనిషిని’ అని చేస్తే ‘బాయ్’కి జవాబన్నది పోతోంది. ‘మగాణ్ణి’ అంటే మీసం మెలేసినట్టుంది.

కరీంనగర్ సభ్యుడు: ‘నేను మనిషిని’ అనే ఉంచున్రి. దానికంటే ముందు వాక్యంల వాళ్ళను ‘ఏరా’ అని పిలిపియ్యిన్రి.