సింగపూర్ 2020: నా నోట్‌బుక్‌లో బాణాలు ఏప్రిల్లో ఎందుకు ఆగిపోయాయి?

సెంగ్‌కాంగ్ సుధ

ఇల్లు మారుతుంటే అటక మీది పెట్టెలో నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి దొరికింది. 2020 జనవరి 23 నుంచి రోజూ రాత్రి పాపని పడుకోబెట్టాక రాసుకున్నది. ఆ రోజే ఇక్కడ మొదటి కరోనా కేసు తేలింది. వూహాన్ నుంచి వచ్చిన 66 ఏళ్ల ఆయన. పాపకి అప్పుడు ఎనిమిది నెలలు, నాకేమో భయంతో నిద్ర పట్టేది కాదు.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నా. మొదట్లో ఆరోగ్య శాఖ ఒక్కో కేసు వివరం విడివిడిగా ఇచ్చేది. వయసు, ఏ దేశస్థులు, ఏ ఆస్పత్రిలో ఉన్నారు, ఒంట్లో బాగోలేనప్పుడు ఎక్కడెక్కడికి వెళ్లారు, ఏ కేసుతో సంబంధం ఉంది, అన్నీ. దేశం మొత్తం కలిపితే 57 లక్షల మంది. అందుకే అది సాధ్యమైంది. నేను ఒక్కో కేసుకి సున్నా చుట్టి, లోపల నంబరు వేసి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో బాణం గీసేదాన్ని.

ఫిబ్రవరి 4 పేజీలో మొదటి లోకల్ కేసులున్నాయి, అంటే ఇక్కడే అంటుకున్నవి. చైనా టూరిస్టులకి మందులు అమ్మే షాపులో పనిచేసేవాళ్లు, ఆ గుంపుని తిప్పిన గైడు, షాపులో ఒకావిడ ఇంట్లో పనమ్మాయి. తర్వాతి పేజీల్లో 8, 9 అని రెండు సున్నాలు, కుడిపక్కన 66. మధ్యలో ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం. ఆ ఎర్ర గుర్తు కొట్టేసి ఫిబ్రవరి 25న బాణం గీశాను. ఎంత నొక్కి గీశానో, కాగితం వెనకవైపు వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తోంది.

ఏప్రిల్‌కి వచ్చేసరికి బాణాలు లేవు. ఏప్రిల్ 20 కింద 1,426 అని ఒక్క అంకె, ఆ కింద తెల్ల కాగితమే.

అప్పుడు ఇక్కడున్నవాళ్లు మీ సంగతి రాయండి. మిమ్మల్ని ఎలా కనిపెట్టారు, ఎవరు ఫోన్ చేశారు, ఎక్కడ జాడ తప్పింది? పాప పెద్దయ్యాక ఈ నోట్‌బుక్ తనకి ఇద్దామని ఉంది. సగం ఖాళీగా ఇవ్వాలనిపించడం లేదు.

జురాంగ్ రమణ

సుధగారూ, మీ పోస్టు చదువుతుంటే ఆ ఫోన్ కాల్ మళ్లీ చెవిలో మోగింది.

మార్చి రెండో వారం, ఆదివారం పొద్దున. ఇడ్లీ ప్లేటు చేతిలో ఉంది. అవతల ఒక అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. ఫలానా రోజు ఫలానా చోట భోజనానికి వెళ్లారా అని అడిగింది. వెళ్లానన్నాను. ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి లేచారు, మీ ఎడమపక్కన ఎవరు, కుడిపక్కన ఎవరు, చెయ్యి కడుక్కోవడానికి లేచారా? ఎవరికి గుర్తుంటాయండీ ఇవన్నీ! లైన్లో ఉండమని పర్సు తీసి కార్డు స్లిప్పు చూస్తే 1:52 అని ఉంది. అంతకు ముందు గంటసేపు కూర్చున్నట్టు లెక్క తేలింది. రెండు మీటర్ల లోపు అరగంట ఉంటే దగ్గరి కాంటాక్టు కింద లెక్క, నేను అందులోకి వచ్చేశాను.

పద్నాలుగు రోజులు పడగ్గదిలోనే. రోజుకి మూడుసార్లు మెసేజ్ వచ్చేది, అందులో లింకు నొక్కితే నేను ఇంట్లోనే ఉన్నట్టు లొకేషన్ వెళ్లేది. మధ్యలో ఎప్పుడైనా వీడియో కాల్ చేసి గది చూపించమనేవారు. ఉగాది ఆ రోజుల్లోనే పడింది, మార్చి 25. మా ఆవిడ పచ్చడి గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి పక్కకి వెళ్లిపోయింది. ఆ చప్పుడు విన్నప్పుడు ఏడుపొచ్చింది.

ఆ పద్ధతి మీద మాత్రం నాకు గౌరవమే. కాంటాక్టుల కోసం పోలీసులు సీసీ కెమెరాలు చూసేవారు, ఫోన్లు చేసే పనిలో సైన్యంవాళ్లు కూడా కూర్చున్నారు. ఒక్క భోజనం బల్ల కోసం అంత మంది పనిచేశారు.

కాకినాడ ల్యాబ్

సుధగారి ఎర్ర ప్రశ్నార్థకం గురించి నేను చెప్తాను. నేను సింగపూర్లోనే ఒక ల్యాబులో పనిచేస్తున్నా. దాన్ని తేల్చిన రక్తపరీక్ష చేసింది మా ల్యాబు కాదు, కానీ ఆ రోజు మా దగ్గర అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు.

8, 9 వూహాన్ నుంచి వచ్చిన దంపతులు. జనవరి 19న ఒక చర్చికి వెళ్లారు. ఫిబ్రవరిలో వేరే చర్చిలో పెద్ద క్లస్టర్, అంటే ఒకే చోట గుంపుగా కేసులు, బయటపడింది. దాంట్లో తొలి కేసుల్లో ఒకటి మీ 66. ఈ రెండు చర్చిలకీ సంబంధం ఏమిటో తెలీలేదు. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, జనవరి 25న ఒక ఇంట్లో చైనా కొత్త సంవత్సరం విందు జరిగింది. 66 అక్కడికి వెళ్లారు. మొదటి చర్చికి వెళ్లే భార్యాభర్తలు ఇద్దరూ అదే విందుకి వచ్చారు. జనవరి చివర్లో వాళ్లకి ఒంట్లో బాగోలేదు, అప్పటికే తగ్గిపోయింది. ఇద్దరిలో ఒకరికైతే ముక్కులోంచి తీసి చేసే పరీక్షలో వైరస్ దొరికే కాలం దాటిపోయింది.

అప్పుడు డ్యూక్-ఎన్‌యూఎస్ మెడికల్ స్కూలు వాళ్లు రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునేవి, వెతికారు. దొంగ వెళ్లిపోయాక మట్టిలో పాదముద్ర చూడటం లాంటిది ఇది. దొరికాయి! 83, 91 నంబర్లు విందుకి వచ్చిన ఆ భార్యాభర్తలవే. మీ నోట్‌బుక్‌లో 8, 9 నుంచి 66కి నేరుగా బాణం ఉంటే, మధ్యలో ఆ రెండు సున్నాలూ వెయ్యండి.

సెంగ్‌కాంగ్ సుధ

83, 91 రెండూ పేజీ అడుగున ఉన్నాయండీ, విడిగా. ఇప్పుడే కలిపాను. చాలా థాంక్స్.

బ్లూటూత్ భాస్కర్

యాప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్రేస్‌టుగెదర్ అని కాంటాక్టుల జాడ తీసే (కాంటాక్ట్ ట్రేసింగ్) ప్రభుత్వ యాప్ 2020 మార్చి 20న వచ్చింది. నేను ఆ టీమ్ కాదు, కానీ మొబైల్ యాప్‌లు రాయడమే నా పని కాబట్టి ఆ రాత్రే దించుకుని లోపల చూశాను. మనం ఎక్కడున్నామో అది చూసేది కాదు. పక్కన ఏ ఫోన్ ఉందో బ్లూటూత్‌తో పట్టుకుని, మారుపేరు లాంటి కోడ్ ఒకటి రాసుకునేది. మనం పాజిటివ్ అయితే ఆ చిట్టా ఆరోగ్య శాఖకి ఇచ్చేవాళ్లం. లేకపోతే అది 25 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోయేది. ఆలోచన చాలా శుభ్రంగా ఉంది.

చిక్కు ఐఫోన్‌తో వచ్చింది. యాప్ తెర మీద తెరిచి ఉంటేనే సరిగ్గా పనిచేసేది. జేబులో పెట్టుకుని వేరేది చూస్తే నిద్రపోయేది. మా అత్తగారికి స్మార్ట్‌ఫోనే లేదు. అందుకని తర్వాత టోకెన్లు, అంటే అదే పని చేసే చిన్న పరికరాలు, ఇచ్చారు, ముందు పెద్దవాళ్లకి, సెప్టెంబరు నుంచి అందరికీ. తెల్లగా, అరచేతిలో పట్టేంత. ఆవిడ దాన్ని తాళాల గుత్తికి కట్టుకుని టెక్కా మార్కెట్‌కి వెళ్లేది. కూర పోపులో వేసి గుమ్మం దాకా వెళ్లినా సరే, అది చేతిలో ఉండాల్సిందే!

ఇక్కడ మనసులో మాట రాయాలి. 2020 జూన్‌లో మంత్రి ఈ డేటా కాంటాక్ట్ ట్రేసింగ్‌కి తప్ప దేనికీ వాడం అన్నారు. 2021 జనవరి 4న పార్లమెంటులో ఇంకో మంత్రి, క్రిమినల్ కేసుల్లో పోలీసులు అడిగితే ఇవ్వాల్సి ఉంటుందని చెప్పారు. నాకు చాలా బాధేసింది. ఫిబ్రవరిలో చట్టం చేసి ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేశారు, అది మంచిదే. కానీ ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది. జాడ తియ్యాలంటే మనిషి తనంతట తాను నిజం చెప్పాలి. ఆ నమ్మకం ఒకసారి సడలితే ఏ బ్లూటూత్ పనికిరాదు.

జురాంగ్ రమణ

భాస్కర్‌గారూ, నాకు అంత బాధ అనిపించలేదు. హత్య కేసులో వాడితే తప్పేముంది అనుకున్నా. కానీ మొదటి రోజే చెప్పాల్సిందన్న మాట ఒప్పుకుంటాను.

ఆక్లండ్ అరుణ

నేను న్యూజిలాండ్ నుంచి. మాకు లెవెల్ 4 లాక్‌డౌన్ కూడా మార్చి 25 రాత్రే మొదలైంది, ఉగాది రోజే! ఇక్కడ యాప్ వేరేగా ఉండేది, షాపు గుమ్మంలో క్యూఆర్ స్కాన్ చేస్తే మన ఫోన్లోనే డైరీలా పడేది. 102 రోజులు లోకల్ కేసు ఒక్కటీ లేదు, ఆగస్టు 11న ఆక్లండ్‌లో ఒకే ఇంట్లో నలుగురికి వచ్చింది. వైరస్ జీనోమ్, అంటే దాని జన్యువుల అక్షరాల వరస, చదివి, ఏ కేసు ఏ కేసుకి చుట్టమో చూసేవారు. సుధగారి బాణాల లాంటివే, కాకపోతే అక్కడ మనుషుల జ్ఞాపకం బదులు వైరస్ అక్షరాలు.

టెక్కలి తమ్ముడు

అక్కా, ఆ 1,426లో మా గదివాడు ఒకడు ఉండుంటాడు. వాడి రిజల్ట్ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది.

నేను షిప్‌యార్డులో వెల్డర్‌ని. మాది టెక్కలి దగ్గర పల్లె. అప్పుడు డార్మ్‌లో (వలస కార్మికుల హాస్టల్) మా గదిలో ఆరు ఇనుప బంకులు, అంటే పన్నెండు మంచాలు, ఉన్నది పదకొండు మందిమి. మంచం కమ్మీలకి తాడు కట్టి తువ్వాళ్లు, పని బట్టలు ఆరేసేవాళ్లం. ఫ్లోరంతటికీ ఒకే వంటగది. స్టవ్ కోసం పొద్దున నాలుగింటికే లైను.

రమణన్నని ఎడమపక్క ఎవరు, కుడిపక్క ఎవరు అని అడిగారు కదా. మమ్మల్ని అలా అడిగితే ఏం చెప్పాలి అన్నా? పైమంచంలో ఒకడు, కిందమంచంలో ఒకడు, లారీలో భుజానికి భుజం తగిలేలా ఇంకొకడు, స్టవ్ దగ్గర వెనకాల ఇంకొకడు. లెక్కేసి చూశాను, పదకొండు మందిలో అందరికీ అందరూ కాంటాక్టే అనుకుంటే మా ఒక్క గదికే యాభై అయిదు గీతలు గీయాలి. గది బయటి సంగతి ఇంకా ఉంది.

ఇంకో మాట. మా గదిలో ఇద్దరికి మార్చి చివర్లోనే జ్వరం వచ్చింది. పారాసిటమాల్ వేసుకుని పనికి వెళ్లారు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే జీతం కోస్తారేమో, ఊరు పంపించేస్తారేమో అని టెన్షన్. ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు ఎవరికీ తీరలేదు. నేనూ ఆ ఇద్దరితో, ఎవరికీ చెప్పకండిరా అనే అన్నాను. ఇప్పటికీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఏప్రిల్ 5న పుంగోల్‌లో, తో గువాన్‌లో రెండు డార్ములు ముందు మూసేశారు, వాటిల్లోనే ఇరవై వేల మంది దాకా ఉన్నారు. మాది తర్వాత కొన్ని రోజులకి మూశారు. రోజుకి రెండుసార్లు టెంపరేచర్ చూసి ఫోన్లో కొట్టాలి. మొదటి వారం అన్నం పెట్టెలు రావడం మధ్యాహ్నం మూడయ్యేది. వచ్చిన డాక్టరుగారు మంచివారు, కానీ మమ్మల్ని చూసి అందరితోనూ తమిళంలో మాట్లాడించారు. మాలో ముగ్గురికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కడుపులో నొప్పి అని చెయ్యి పెట్టి చూపించాడు మా బాబాయి వయసాయన.

అమ్మ ఊళ్లో టీవీలో సింగపూర్ అంకె చూసి రోజూ ఫోన్ చేసేది. ఆ అంకెలో నువ్వున్నావా నాన్నా అని అడిగేది. లేనమ్మా అనేవాణ్ణి.

తర్వాత ముక్కులోంచి తీసి చూశారు, నెగటివ్. రక్తం తీశారు, యాంటీబాడీలు ఉన్నాయన్నారు. అంటే నాకు వచ్చింది, పోయింది. ఏ రోజో, ఎవరి నుంచో నాకే తెలీదు.

పాయలేబర్ పద్మ

తమ్ముడూ, తమిళం మాట నిజం. అప్పుడు మా సంస్థలో సేఫ్టీ పని చూసేదాన్ని. తెలుగు వచ్చని తెలిసి రాత్రి పదకొండింటికి ఫోన్లో అనువాదం చెయ్యమనేవారు. అవతల ఎవరో తెలీని అబ్బాయి. ఎక్కడికి వెళ్లావయ్యా అంటే ఎక్కడికీ లేదమ్మా అనేవాడు. మూడోసారి, మా ఊరు, మా అమ్మ, వంట, ఇలా మాట్లాడాక, ఆదివారం ముస్తఫా అనే పెద్ద షాపుకి వెళ్లి ఇంటికి డబ్బులు పంపానని చెప్పాడు. ముస్తఫా సెంటర్ క్లస్టర్ బయటపడి ఏప్రిల్ 2న మూతపడింది. డార్ముల్లోకి దారి అటునుంచి కూడా ఉందని అప్పుడే అన్నారు. ఆ అబ్బాయి అబద్ధాలకోరు కాదు. అడిగేవాళ్ల భాష తనది కాదు, అంతే.

సుధా, నీ నోట్‌బుక్‌లో 42 చూడు. ఫిబ్రవరిలో వచ్చిన బంగ్లాదేశ్ కార్మికుడు, సెలెటార్ ఏరోస్పేస్ హైట్స్‌లో భవన నిర్మాణ సైటు.

సెంగ్‌కాంగ్ సుధ

ఉందక్కా. 42 చుట్టూ ఇంకో నాలుగు సున్నాలు, మొత్తం అయిదుగురు. పక్కన "ఆగిపోయింది, దేవుడి దయ" అని రాసుకున్నాను. ఆ అయిదుగురూ ఎలాంటి గదుల్లో ఉంటారో నాకు తట్టనే లేదు. అదే పెద్ద హెచ్చరిక అని ఇప్పుడు అర్థమవుతోంది.

విశాఖ వాణి

కేసు పక్కన దేశం పేరు రాయడం గురించి ఒక్క మాట. 2021 ఏప్రిల్-మే నెలల్లో సింగపూర్లో ఒక ఆస్పత్రి క్లస్టర్‌లో మన దేశంలో మొదట కనబడిన వేరియంట్ తేలింది. అప్పటికే ఇండియా నుంచి ప్రయాణాలు ఆపేశారు. మూడు నెలలుగా ఊరు దాటనిదాన్ని, రైల్లో నా పక్క సీటులోంచి ఒకావిడ లేచి వెళ్లిపోయింది. వైరస్ జాడ తియ్యడానికి దేశం పేరు అధికారులకి కావాలి, సరే. రోజూ అందరికీ చూపించాలా?

కాకినాడ ల్యాబ్

టెక్కలి తమ్ముడూ, మీ విషయం అంకెల్లోకి వచ్చింది, ఆలస్యంగా. 2020 డిసెంబరు 14న లెక్క చెప్పారు. డార్ముల్లో ఉన్న సుమారు 3,23,000 మందిలో ముక్కు పరీక్షలో తేలినవాళ్లు 54,505. మీలాగా రక్తంలో మాత్రమే తేలినవాళ్లు ఇంకో 98,289. రెండూ కలిపితే 47 శాతం. రోజూ టీవీలో వచ్చిన అంకెల్లో మొదటి రకంవాళ్లే ఉన్నారు. మీ అమ్మగారికి మీరు అబద్ధం చెప్పలేదు.

డార్ముల్లో తర్వాత పద్ధతి మారింది. మనిషిని అడగడం మీదే ఆధారపడకుండా పద్నాలుగు రోజులకోసారి అందరికీ పరీక్ష పెట్టారు, మురుగునీరు కూడా పరీక్షించారు. మురుగునీటికి భాష అక్కర్లేదు, భయమూ ఉండదు. జ్వరం దాచుకున్నవాడి గురించి కూడా అది చెప్తుంది. నన్నడిగితే మార్చిలోనే చెయ్యాల్సిన పని అది.

సెంగ్‌కాంగ్ సుధ

తమ్ముడూ, ఏప్రిల్ 20 కింద ఖాళీ ఉంది కదా, అక్కడ మీ గది వేస్తున్నా. ఆరు బంకులు గీశాను. ఎవరెవరు ఎక్కడ పడుకునేవారో చెప్తావా? పేర్లు వద్దు, ఊళ్లు చాలు.

టెక్కలి తమ్ముడు

తలుపు పక్కన కింద బరంపురం, పైన నేను. దాని తర్వాత కింద పలాస, పైన సోంపేట. జ్వరం వచ్చింది వీళ్లిద్దరికే. మూడోది కింద మా బాబాయి వయసాయన, నరసన్నపేట, పైన ఇచ్ఛాపురం. అటువైపు గోడకి మొదటి బంకులో కింద మదురై, పైన తంజావూరు. తర్వాతది రెండూ ఢాకా దగ్గరివాళ్లు, అన్నదమ్ములు. ఆఖరిది కిటికీ దగ్గర, కింద ఆమదాలవలస. పైన ఖాళీ వదిలెయ్యక్కా. ఆ మంచం కవిటి వాడిది. చెల్లి పెళ్లికని మార్చి మొదట్లో ఊరెళ్లాడు, విమానాలు ఆగిపోయాయి, మళ్లీ రాలేదు. వాడి ట్రంకుపెట్టె మేం వచ్చేసేదాకా ఆ మంచం మీదే ఉంది.